రోగాలూ రాజ్యాలూ – 17: రోజుకొక డాలరు

2003 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో బస్సెక్కినవాళ్లెవరికైనా పులిరాజా గుర్తుండే ఉంటాడు. ఊరి మొదట్లో, బస్టాండు ఎదుట, రైల్వే గేటు పక్కన పెద్ద పెద్ద అక్షరాలతో ఒకటే ప్రశ్న: 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' కొత్త సినిమా కాబోలు అనుకున్నవాళ్లున్నారు. పాపం, నిజంగానే ఆ పేరుగల మనిషి ఎక్కడో ఉన్నాడని జాలిపడ్డవాళ్లూ ఉన్నారు. కాలేజీ కుర్రాళ్లు ఒకరినొకరు ఆ పేరుతో పిలుచుకుని పకపకా నవ్వుకున్నారు. జబ్బు పేరు జనం నోట నానాలన్నది సర్కారు ఉద్దేశం. అది నెరవేరింది.

ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న రాయాల్సింది, ఎవరూ రాయలేదు. వస్తే? వచ్చాక పులిరాజా ఏం చెయ్యాలి? అప్పటికి సర్కారీ ఆసుపత్రిలో అతనికి దొరికేవి రక్త పరీక్ష, నాలుగు ధైర్యం మాటలు, క్షయ, నోటిపూత లాంటి వెంటవచ్చే జబ్బులకు మందులు. అసలు వైరస్‌ను అణచిపెట్టే మందు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు లేదు. పోనీ ఆ మందు ఎక్కడో సముద్రాల అవతల తయారయ్యేదా అంటే, అదీ కాదు. ఆ ఏడాది అక్టోబరులోనే ఆఫ్రికా, కరీబియన్ దేశాలకు ఎయిడ్స్ మందులు చవగ్గా అందించడానికి క్లింటన్ ఫౌండేషన్ నాలుగు కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. అందులో ఒకటి హైదరాబాదు కంపెనీ, మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్. హోర్డింగు ఉన్న ఊళ్లోనే మందూ ఉంది. రోగికీ ఆ మందుకూ మధ్య దూరం మాత్రం తగ్గలేదు.

పోయిన సంచికలో మశూచి గురించి చెప్పుకున్నాం. అమెరికా, సోవియట్ యూనియన్ అంతటి వైరిపక్షాలు కూడా ఆ పని దగ్గర చేతులు కలిపాయి. మశూచి విమానమెక్కి తమ ఇంటికీ వస్తుందన్న భయం వాళ్లకుంది మరి. ఎయిడ్స్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తిరగబడింది. మందు దొరికిన మరుక్షణం నుంచి అది డబ్బున్న దేశాల్లో ఒక జబ్బు, డబ్బులేని దేశాల్లో మరో జబ్బు అయిపోయింది.

మొదటి మందు ఏజడ్‌టీ పుట్టుకే విచిత్రం. 1964లో జెరోమ్ హార్విట్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త క్యాన్సర్ కోసం దాన్ని తయారుచేశాడు. ఎలుకల్లో పనిచెయ్యలేదు. పేటెంటు కూడా తీసుకోకుండా పక్కన పడేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థా, బరోస్ వెల్‌కమ్ కంపెనీ కలిసి ఆ పాత సీసా దుమ్ము దులిపితే ఎయిడ్స్ వైరస్ మీద పనిచేసింది. 1987 మార్చిలో అనుమతి వచ్చింది. ఏడాది మందు ఖరీదు 8,000 నుంచి 10,000 డాలర్లు. అప్పటికి ప్రపంచంలో అంత ఖరీదైన మందులు చాలా తక్కువ. దాని తయారీకి కావలసిన థైమిడిన్ అనే ముడిసరుకును చేపల వీర్యం నుంచి తీసేవారు, అదేమో కరువు, అందుకే ఇంత ధర అని కంపెనీ వాదన. మందు కనిపెట్టింది ప్రభుత్వ సొమ్ముతో, పనిచేస్తుందని తేల్చడంలో సగం పాలు ప్రభుత్వ సంస్థది, ధర మాత్రం కంపెనీది. 1989 సెప్టెంబరులో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలోకి రోగుల తరఫు ఉద్యమకారులు చొరబడి గొడవ చేశాక ధర 20 శాతం తగ్గింది. గొలుసులు కట్టుకుని అరిస్తే తగ్గే ధరలో ముడిసరుకు వాటా ఎంతో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఒంటి మందుకు వైరస్ త్వరగానే అలవాటుపడేది. 1996లో వాంకూవర్ మహాసభలో మూడు మందులు కలిపి వాడితే వైరస్ అణిగిపోతుందని తేలింది. అమెరికాలో, ఐరోపాలో కాటికి కాళ్లు చాచుకున్నవాళ్లు లేచి ఆఫీసులకు వెళ్లారు. ఏడాదికి 10,000 నుంచి 15,000 డాలర్లు. అక్కడ బీమాలున్నాయి, ప్రభుత్వాలున్నాయి, గడిచిపోయింది. సహారా దిగువ ఆఫ్రికాలో అప్పటికే కోట్లమందికి ఈ వైరస్ ఉంది. వాళ్లకు?

వాళ్లకు మందివ్వడం దండగ అని పెద్దమనుషులు ఒక వాదం లేవదీశారు. రోడ్లు లేవు, డాక్టర్లు లేరు, ఫ్రిజ్‌లు లేవు. 2001లో అమెరికా విదేశీ సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ మరో మెట్టెక్కి, చాలామంది ఆఫ్రికన్లకు గడియారం టైము తెలియదు కాబట్టి వేళకు మాత్రలు వేసుకోలేరన్నాడు. సూర్యుణ్ణి చూసి దుక్కికి పోయే రైతుకు పొద్దునా సాయంత్రమూ తేడా తెలియదనడం లాంటిదే ఇది. తర్వాత ఐదేళ్లకు, 2006లో, ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు: క్రమం తప్పకుండా మందు వాడినవాళ్లు ఉత్తర అమెరికాలో 55 శాతం, సహారా దిగువ ఆఫ్రికాలో 77 శాతం. గడియారం ఉన్నవాళ్లే వెనకబడ్డారు.

ధర ఎందుకంత ఉంది, ఎలా విరిగింది అన్నది తెలియాలంటే కాసేపు ఢిల్లీ వెళ్లాలి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన దేశంలో నడిచింది 1911లో బ్రిటిష్‌వాళ్లు చేసిన పేటెంటు చట్టమే. దాని పుణ్యాన విదేశీ కంపెనీలు ఇక్కడ మందు తయారుచేసేవి కావు, తయారుచేస్తామన్నవాళ్లను చెయ్యనిచ్చేవీ కావు. పేద దేశమని పేరేగాని, మందుల ధరలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో భారత్ ఒకటని అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీయే తేల్చింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఈ ముడి ఎక్కడుందో పట్టుకుంది. దాని ఆధారంగా 1970లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టం సారం వంటింటి భాషలో చెప్పుకుంటే సులువు. పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి కాచినా నెయ్యే. పాల మీగడను మిషనులో తీసి కాచినా నెయ్యే. అమెరికాలో 'నెయ్యి' మీదే పేటెంటు. ఎవరు ఏ దారిలో కాచినా నేరమే. మన చట్టం ఆహారం, మందుల విషయంలో ఆ సంగతి కుదరదంది. నువ్వు చిలికే పద్ధతి మీద ఐదేళ్లో ఏడేళ్లో హక్కు తీసుకో. ఎదురింటివాడు మరో దారిలో కాచుకుంటే నీకు మాటలేదు.

ఇక ఆ మరో దారి వెతికేవాళ్లు కావాలి. రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు, ఇరవై అంచెల తయారీని పన్నెండు అంచెలకు కుదించగలవాళ్లు. వాళ్లు పోగుపడిన ఊరు హైదరాబాదు. సోవియట్ సాయంతో బాలానగర్‌లో వెలసిన ఐడీపీఎల్ ఫ్యాక్టరీ మందులతోపాటు మనుషులనూ తయారుచేసింది. అక్కడ పనిచేసి బయటికొచ్చినవాళ్లలో అంజిరెడ్డి ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ చతికిలబడి ఏళ్లయింది, బస్ స్టాపుకు ఇంకా ఆ పేరే. ఆ స్టాపు నుంచి నాలుగు మైళ్ల చుట్టుపక్కల ఎంతమంది కెమిస్టులు షెడ్డు అద్దెకు తీసుకుని ఒక రియాక్టరుతో యజమానులయ్యారో లెక్క తియ్యడం కష్టం.

నగరానికి రెండో కొసన, తార్నాక దగ్గర, కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధనశాల ఐఐసీటీ. 1985 నుంచి పదేళ్లు దానికి డైరెక్టరు గుంటూరువాడైన ఏ.వి. రామారావు. బొంబాయి కంపెనీ సిప్లా కోసం ఏజడ్‌టీని చవగ్గా తయారుచేసే మార్గం వేసింది ఆయన ప్రయోగశాలే. 1993లో సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది, అంతర్జాతీయ ధరలో ఐదో వంతుకు. అయినా సరుకు కదల్లేదు. రోజుకు రెండు డాలర్ల లోపే అయినా మన రోగికి అదీ అందనిదే. ప్రభుత్వాన్ని అడిగితే మా దగ్గర నివారణ ప్రచారానికే డబ్బుంది, చికిత్సకు లేదన్నారు. పులిరాజా హోర్డింగుకు పదేళ్ల ముందే పడిన పీటముడి ఇది. చవక అన్నది ఎవరి జేబుకు చవక అన్న ప్రశ్నను తర్వాత డబ్బున్న సంస్థలూ మర్చిపోయాయి, మనవాళ్లూ మర్చిపోయారు.

సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ కేంబ్రిడ్జిలో చదివిన రసాయన శాస్త్రవేత్త. లాభాలు తెలియని సన్యాసేం కాదు, ఆ మాట ముందే చెప్పుకుందాం. 2000 సెప్టెంబరు 28న బ్రస్సెల్స్‌లో ఐరోపా కమిషన్ సభలో ఆయనకు మాట్లాడ్డానికి ఇచ్చింది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో మూడు మాటలు చెప్పాడు. మూడు మందులూ కలిపి ఏడాదికి 800 డాలర్లకు ఇస్తా. తయారీ విద్య కావలసిన ప్రభుత్వాలకు ఉచితంగా నేర్పుతా. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా ఆపే నెవిరాపిన్‌ను ఉచితంగా ఇస్తా. హాల్లో మంత్రులున్నారు, పెద్ద కంపెనీల ప్రతినిధులున్నారు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు.

కొన్ని నెలలకు అమెరికా నుంచి జేమ్స్ లవ్ అనే ఉద్యమకారుడు అడిగాడు: రోజుకు డాలరుకు ఇవ్వగలరా? హమీద్ లెక్కలు వేసి సరేనన్నాడు. 2001 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది ఆ వార్త. 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' సంస్థకు ఏడాదికి 350 డాలర్లు. అప్పటి మారకంలో రోజుకు 47 రూపాయల లోపు. ఇంచుమించు గుంటూరు మిరపచేలో రోజంతా వంగి కాయ కోసిన ఆడకూలీ చేతిలో సాయంత్రం పడే డబ్బు.

ధర కన్నా గొప్పది ఆ మాత్ర. అప్పటిదాకా పాశ్చాత్య రోగి రోజుకు గుప్పెడు మాత్రలు మింగేవాడు. కొన్ని పరగడుపున, కొన్ని తిన్నాక, కొన్ని ఫ్రిజ్‌లోంచి తీసి. సిప్లా ట్రయోమ్యూన్ అని మూడు మందులనూ ఒకే మాత్రలో పెట్టింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంతే. ఇంత తేలికైన ఆలోచన పాశ్చాత్య కంపెనీలకు తట్టలేదా? తట్టినా కుదరదు. ఆ మూడింటిలో స్టావుడిన్ అమ్మేది బ్రిస్టల్ మైయర్స్, లామివుడిన్ గ్లాక్సోది, నెవిరాపిన్ బోరింగర్ ఇంగెల్‌హీమ్‌ది. ముగ్గురి పేటెంట్లు ఒక్క మాత్రలో ఇమడవు. నెయ్యి మీద పేటెంటు లేని దేశంలోనే ఆ మాత్ర పుట్టగలిగింది. గడియారం లేనివాళ్లంటూ వెక్కిరించిన జనానికి కావలసింది సరిగ్గా అదే.

ఇదే వేళకు దక్షిణాఫ్రికా రాజధాని ప్రిటోరియాలో కోర్టు తలుపులు తెరుచుకుంటున్నాయి. చవక మందులు దిగుమతి చేసుకునే వీలు కల్పిస్తూ 1997లో చేసిన చట్టానికి మండేలా సంతకం పెట్టాడు. 39 మందుల కంపెనీలు దాని మీద దావా వేశాయి. ప్రతివాదుల్లో మొదటి పేరు నెల్సన్ మండేలా. ఇరవై ఏడేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి మీద, తన జనానికి మందు చవగ్గా ఇప్పించాలనుకున్నందుకు కేసు. ఆ ఫైలు మీద సంతకం చేసిన లాయర్లకు ప్రపంచం ఎలా చూస్తుందో తోచలేదంటే ఆశ్చర్యమే. 2001 మార్చి 5న విచారణ మొదలైంది. కోర్టు బయట వేలమంది. ఏప్రిల్ 19న కంపెనీలు దావా ఉపసంహరించుకుని, ప్రభుత్వ ఖర్చులూ కట్టి వెళ్లిపోయాయి.

బయట నిలబడ్డవాళ్లకు నాయకుడు జాకీ అష్మత్. అతనికీ హెచ్‌ఐవీ ఉంది. కొనుక్కోగల స్తోమతున్నా, సర్కారీ ఆసుపత్రిలో మామూలు మనిషికి మందు దొరికేదాకా తానూ ముట్టనని ఒట్టేసుకున్నాడు. 2002లో మండేలా స్వయంగా అతని ఇంటికి వెళ్లి బతిమాలినా వినలేదు. ఎందుకంటే కంపెనీలు తప్పుకున్నాక గోడ మరోచోట లేచింది. అధ్యక్షుడు తాబో ఎంబెకీకి హెచ్‌ఐవీ వల్ల ఎయిడ్స్ వస్తుందన్న దానిమీదే అనుమానం. ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమంది. దోషమంతా ధనిక దేశాల మీదికి నెట్టేసే మన అలవాటుకు ఈ ఘట్టం అడ్డుపడుతుంది. మందివ్వడంలో ఆ ప్రభుత్వం చేసిన జాప్యం 3,30,000కు పైగా ప్రాణాలు తీసిందని 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. గర్భిణులకు నెవిరాపిన్ ఇవ్వాలని చివరికి 2002 జూలైలో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. తన ప్రభుత్వం మీద తన జనమే కేసు గెలిచారు.

2001 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమెరికాలో ఎవరో కవర్లలో ఆంత్రాక్స్ పొడి పోస్టు చేశారు. 22 మందికి సోకింది, ఐదుగురు చనిపోయారు. మందు సిప్రోఫ్లాక్సాసిన్, పేటెంటు బేయర్ కంపెనీది. ధర తగ్గించకపోతే పేటెంటు పక్కనపెట్టి వేరేచోట కొంటామని అమెరికా ఆరోగ్యమంత్రే బెదిరించాడు. మాత్ర 1.77 డాలర్ల నుంచి 95 సెంట్లకు దిగింది. ఏటా 20 లక్షలకు పైగా చనిపోతున్న ఆఫ్రికాకు పేటెంటు పవిత్రమని పాఠం చెప్పిన దేశం, ఐదు చావులకే ఆ పాఠం మర్చిపోయింది. సరిగ్గా నెల తిరక్కముందే దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం. పేద దేశాల ప్రతినిధులు ఆ సంగతి ఎత్తి చూపక్కర్లేకపోయింది, అందరూ పేపర్లు చదివే వచ్చారు. ప్రజారోగ్యాన్ని కాపాడుకోవడానికి పేటెంటు ఒప్పందం అడ్డు కాకూడదని నవంబరు 14న ప్రకటన వెలువడింది.

సిప్రోఫ్లాక్సాసిన్ పేరొచ్చింది గనక ఒక మాట ఇక్కడే చెప్పాలి, తర్వాత చోటు దొరకదు. హైదరాబాదు చవకకు మూల్యం ఎవరో ఒకరు కట్టారు. పటాన్‌చెరు చుట్టుపక్కల సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితం ప్రచురించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. నక్కవాగు, ఇసుకవాగు గట్టున వరి వేసుకున్న రైతులకు ఆ సంగతి స్వీడన్ నుంచి తెలియాల్సిన పనిలేదు, రంగు మారిన నీళ్లు ఎప్పటినుంచో చూస్తూనే ఉన్నారు. ఆఫ్రికాలో ప్రాణం నిలిపిన పరిశ్రమ తన వాకిట్లో చేసింది ఇదీ. ఒకటి చెప్పి రెండోది దాచే చరిత్ర నాకు చేతకాదు.

మళ్లీ పులిరాజా దగ్గరికి. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఎట్టకేలకు ఉచిత ఏఆర్టీ, అంటే వైరస్‌ను అణచిపెట్టే మందుల చికిత్స, మొదలుపెట్టింది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ముందుగా. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఉగాండాకు, నైజీరియాకు వెళ్లిన మాత్రే తయారైన దేశపు రోగికి మూడేళ్లు ఆలస్యంగా ఉచితంగా అందింది. మర్నాటి నుంచే అందరికీ దొరికిందనుకోకండి. కేంద్రం ఉన్న ఊరికి బస్సు ఛార్జీ లేకా, వరుసలో తెలిసినవాళ్లు చూస్తారన్న సిగ్గుకూ ఆగిపోయినవాళ్లు ఎందరో. ఆ సిగ్గుకే కొందరు పక్క జిల్లా కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకునేవాళ్లు. మాత్రల డబ్బాలు సంచిలో గలగలమంటాయని దూది కుక్కి తెచ్చుకునేవాళ్లు.

2005లో మన చట్టమూ మారింది. వాణిజ్య సంస్థ నిబంధన ప్రకారం నెయ్యి మీద పేటెంటు మళ్లీ వచ్చింది. పార్లమెంటు 3(డి) అనే ఒక చిన్న గొళ్లెం మాత్రం ఉంచుకుంది: పాత మందుకు కొత్త రంగు పూసి ఇంకో ఇరవై ఏళ్లు పేటెంటు అడిగితే ఇవ్వరు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో ఆ గొళ్లెం గట్టిదేనని తేల్చింది.

2023 నాటికి ప్రపంచంలో హెచ్‌ఐవీ ఉన్న దాదాపు 4 కోట్లమందిలో 3 కోట్లకు పైగా మందు మీద ఉన్నారు. మూడు మందుల ఒంటి మాత్రను పేద దేశాల కోసం మందులు కొనే గ్లోబల్ ఫండ్ 2023లో ఏడాదికి 45 డాలర్ల లోపు ధరకు కొంది. రోజుకొక డాలరు కూడా ఇప్పుడు పాత ధరే.

ఇక మరో మందు సంగతి. ఆరు నెలలకొక సూది వేయించుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకపవిర్ 2025 జూన్‌లో అమెరికాలో వచ్చింది. గిలియడ్ కంపెనీ పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. సెప్టెంబరులో రెండు కంపెనీలు 2027 నుంచి ఆ మందునే ఏడాదికి సుమారు 40 డాలర్లకు ఇస్తామన్నాయి. డాక్టర్ రెడ్డీస్, హెటెరో. రెండూ హైదరాబాదువే. ఈసారి ఎదురించి కాదు, గిలియడ్ ఇచ్చిన లైసెన్సుతోనే. ఆ లైసెన్సులో 120 దేశాల పేర్లున్నాయి. బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ లేవు. ఈ మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షల్లో సూది వేయించుకున్నవాళ్లలో ఆ నాలుగు దేశాలవాళ్లూ ఉన్నారు.

ఆ జాబితాలు ఎవరు రాస్తారో, ఎలా రాస్తారో వచ్చే సంచికలో.